అనాథపిల్ల జుట్టు

గడ్డిని డబ్బులు పెట్టి కొన్నానంటే
పక్కింటి లోరాంట్ నవ్వి నవ్వి
కంచెకు చేరగిలబడ్డాడు.
ఊరంతా పీకి పారేసేదాన్ని
నువ్వు ఫ్రిజ్‌లో పెట్టి సాకుతున్నావా అని
నాకే గడ్డి పెట్టాడు.

సాకుతున్నాను.
తడి ఇసుకలో, మీగడ గిన్నె పక్కన,
ఆరు వారాలు.
ఒక చలికాలం గడిస్తే గానీ
వసంతం వచ్చిందంటే నమ్మదు అది.

కొండ మీద దొరికేదే. కానీ అక్కడ కోస్తే జరిమానా.
అందుకని సెంతెష్ సంతలో
గీతల గౌను ఆవిడ దగ్గర
పొట్లం కొన్నాను. పదహారు గింజలు.
ఒక్కో గింజకీ జానెడు తోక,
తోక పొడవునా తెల్లటి నూగు.
పొట్లం మీద పేరు: అనాథపిల్ల జుట్టు.

మా భాషలో ఆ గడ్డికి అదే పేరు.
ఎవరు పెట్టారో, ఎవరి తల చూసి పెట్టారో.

ఎలా నాటాలో గింజే చెప్పింది.
ఒకదాన్ని వంటబల్ల మీద పెట్టి
వేలికొసతో చుక్క నీళ్ళు వేశాను.
మెలిపడ్డ తోక తాపీగా విప్పుకుంటూ
గడియారం ముల్లులా తిరిగింది.
ఆరితే మళ్ళీ మెలి.
అలా తడుస్తూ ఆరుతూ
తనను తానే మరమేకులా
నేలలోకి దింపుకుంటుందట.
వెనక్కి జారకుండా మొన దగ్గర సన్నటి ముళ్ళు.
అరవై మూడేళ్ళదాన్ని,
ఇంత పంతం ఇంత సన్నగా ఉండటం
అప్పుడే చూశాను.
చూసి చూసి పొయ్యి కట్టేయడానికి లేచానేమో,
ఆ గింజ ఎక్కడ పడిందో మళ్ళీ కనపడలేదు.

మార్చిలో, పెరుగు కప్పులకి
కాల్చిన మేకుతో చిల్లులు పొడిచి
మిగిలిన పదిహేనూ నాటాను,
మొన కిందికి, తోక పైకి.
ఇరవై రోజులు ఏమీ లేదు.
ఇరవై మూడో రోజు పొద్దున
కళ్ళజోడు పెట్టుకుంటే ఉంది, తీస్తే లేదు:
పచ్చటి దారప్పోగు.
పదిహేనింటికి పదకొండు.
మే నెలలో మెట్ల పక్కన
ఇసుక కలిపిన మట్టిలోకి మార్చాను,
మధ్యాహ్నం ఎండ నేరుగా తగిలేచోటికి.

మా అక్క గిజెల్లా మకో నుంచి వచ్చింది.
నలభై ఏళ్ళు ఉల్లి పండించిన మనిషి.
ఉల్లినారులో గడ్డిపరకని
చీకట్లో తడిమి ఏరేస్తుంది.
నేను పళ్ళ డాక్టరు దగ్గర నుంచి
సగం మొహం మొద్దుబారి వచ్చేసరికి
మెట్ల పక్కన నేల
అద్దంలా ఉంది.
"పూలమడిలో అంత గడ్డేమిటే" అంది
చేతులు దులుపుకుంటూ.

తిమ్మిరి నోటితో తిట్టలేకపోయాను.
బకెట్‌లో వెతికాను. వేర్లు అప్పటికే ఎండిపోయాయి.
సంగతి తెలిశాక అక్క
వంటబల్ల దగ్గర చాలాసేపు కూర్చుంది.
సాయంత్రం బస్సు దాకా
నాకన్నా ముందే నడిచింది, వెనక్కి చూడకుండా.

మాకు ఆ పేరు కొత్త కాదు.
అమ్మ పోయిన ఏడు
పేలు పడ్డాయని పిన్ని
ఇద్దరి జడలూ వంటింటి కత్తెరతో కత్తిరించింది.
నేను ఏడ్చాను.
అక్క ఊడ్చింది.

మూడో ఏడు జూన్‌లో ఫోన్.
"గేటు గుంజ పక్కన ఏదో లేచిందే.
ఆ రోజు నీ ఇంట్లో
నా ఉన్ని స్వెట్టరు మోచేతికి ఏదో గుచ్చుకుంటే
బస్సు దిగి, గేటు దగ్గర లాగి పారేశాను.
పోయినేడు గడ్డే అనుకుని వంగాను.
వంగి, లేచి, లోపలికి వచ్చేశాను."

ఎలా ఉందన్నాను.

"తెల్లగా. మోచేయి పొడుగు.
గాలి లేనప్పుడూ ఊగుతోంది."

అవతల కుక్క మొరిగింది. ఎవరో ట్రాక్టరు ఆపారు.
ఉల్లి ధర చెప్పే గొంతు కాదది:
"పీకనా, ఉంచనా?"

నీ చెయ్యి ఏమంటోందని అడిగాను.

"దువ్వాలంటోంది" అంది.